పొల్యూషన్ సర్టిఫికెట్ కాదు, మైలేజీ చూడండి

నల్లగొండలో నా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి తమ కారుతో ఇబ్బంది లేదనుకుంటారు. పెట్రోలు బండికి ఆ పరీక్షలో చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌కు అందులో పాస్, ఫెయిల్ లేవు. అది ఎంత ఇంధనం కాలిస్తే అంత వస్తుంది. లీటరు పెట్రోలు తూకం ముప్పావు కిలో. కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కలిసి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది.

ముందు మీ బండి లెక్క తీయండి. ఫుల్ ట్యాంకు కొట్టించి రీడింగ్ రాసుకోండి. మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. వచ్చిన మైలేజీతో 2,300ను భాగిస్తే కిలోమీటరుకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. 15 ఇచ్చే బండికి 153, 20 ఇచ్చేదానికి 115. పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, పోల్చుకోవడానికి మాత్రం చాలు. 2022-23 నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు 113 గ్రాముల దగ్గర ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. అది ల్యాబ్ లెక్క. రోడ్డెక్కాక మన చేతిలోనే ఉంటుంది.

మైలేజీ పడిపోయిందని బండి తెస్తే నేను ఇంజిన్ బానెట్ ఎత్తను. ముందు చక్రాలు చూస్తాను. జాకీ పెట్టి లేపి చేత్తో తిప్పితే చక్రం తేలిగ్గా తిరగాలి. గరగరమని ఆగిపోతే బ్రేకు పట్టేస్తున్నట్టు. బ్రేకు ప్యాడ్లను చక్రం డిస్కుకు నొక్కేది కాలిపర్. దాని పిన్నుల్లో గ్రీజు ఎండి, దుమ్ము చేరితే ప్యాడ్ వెనక్కి రాదు. బ్రేకు తొక్కుకుంటూ వంద కిలోమీటర్లు పోయినట్టే, పెట్రోలు తాగక ఏం చేస్తుంది? పిన్నులు శుభ్రం చేసి కొత్త గ్రీజు పెడితే సరిపోతుంది. ఇంట్లో చూసుకోవాలంటే, బండి ఆపగానే నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, రిమ్మును ముట్టుకోవద్దు. ఒక్కదాని దగ్గరే సెగ కొడితే అదే దొంగ.

గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి కొట్టే అబ్బాయి అందరికీ 35 కొట్టేస్తుంటాడు, ఒప్పుకోవద్దు.

హైదరాబాద్ హైవే మీద 80, 90 దాటొద్దు. వేగం రెట్టింపైతే ఎదురుగాలి బలం నాలుగింతలవుతుంది. పైన క్యారియర్ ఖాళీగా ఉంటే విప్పేయండి.

దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. ఇప్పటి ఇంజిన్లకు గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలితేనే పెట్రోలు ఆగుతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా కొంత తాగుతూనే ఉంటుంది. పైగా ఆ మలుపుల్లో బ్రేకులు వేడెక్కితే ప్రాణం మీదకొస్తుంది.

ఎలక్ట్రిక్ కారుకు మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. కాకపోతే పొగ కారు వెనక రాకపోయినా మన దామరచర్ల థర్మల్ ప్లాంటు చిమ్నీలో వస్తుంది. వీలైతే ఛార్జింగ్ పగటిపూట, సోలార్ కరెంటు ఉన్న వేళ పెట్టండి.