ప్రోనోటు, చెక్కు: ఇచ్చిన బాకీ రాబట్టుకోవడానికి చట్టం చూపే దారి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో నమ్మకం మీద అప్పు ఇవ్వడం ఎంత మామూలో, అది తిరిగి రానప్పుడు నేరుగా పోలీస్ స్టేషనుకు వెళ్లడమూ అంతే మామూలు. అయితే తీసుకున్న అప్పు తీర్చకపోవడం దానంతటదే నేరం కాదు. మొదటినుంచే మోసగించే ఉద్దేశం ఉందనడానికి ఆధారాలుంటే తప్ప అది సివిల్ తగాదాయే, దాన్ని వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. స్టేషను చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ తిరిగే నెలల్లోనే చేతిలోని కాగితానికి గడువు తీరిపోతుంది.

అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రోనోటు మీద, దానిపై ఉన్న తేదీ నుంచి 3 సంవత్సరాలలోపు దావా వేయాలి. ఈలోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక తేదీ వేసి, చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ 3 సంవత్సరాలు లెక్కకు వస్తాయి. గడువు ముగిశాక వేయించిన చెల్లుకు గానీ, బాకీదారు సంతకం లేకుండా అప్పిచ్చినవారే రాసుకున్నదానికి గానీ ఈ బలం ఉండదు. రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం తీసుకోవడం మరవకూడదు, ఎందుకంటే స్టాంపు లేని ప్రోనోటును తరువాత జరిమానా కడతామన్నా కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. సాక్షులు ఉండి తీరాలని చట్టం చెప్పలేదు గానీ, ‘ఆ సంతకం నాది కాదు’ అని బాకీదారు అడ్డం తిరిగిన రోజున వారే దిక్కు.

చెక్కు విషయంలో గడువులు మరింత బిగువుగా ఉంటాయి. బంగారుపాళ్యం మార్కెట్లో మామిడి అమ్మిన రైతుకు బెంగళూరు వ్యాపారి ఇచ్చిన చెక్కు, ఖాతాలో డబ్బు లేక వెనక్కి వచ్చిందనుకుందాం. చెక్కు చెల్లలేదని బ్యాంకు రాసిచ్చే మెమో జూలై 5న చేతికందితే, ఆగస్టు 4లోపు ఆ మొత్తాన్ని కోరుతూ రాతపూర్వక నోటీసు పంపాలి. స్పీడ్ పోస్టు రసీదును, అందినట్టు తెలిపే కాగితాన్ని భద్రపరచుకోవాలి. నోటీసు అందిన 15 రోజుల్లో వ్యాపారి చెల్లించకపోతే, ఆ 15 రోజులు ముగిసినప్పటి నుంచి ఒక నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి. 2015 నాటి సవరణ ప్రకారం, రైతు చెక్కు జమచేసిన తన ఖాతా ఏ శాఖలో ఉంటే ఆ పరిధిలోని కోర్టులోనే కేసు వేయవచ్చు కనుక, బెంగళూరు ప్రయాణాల భయం అక్కర్లేదు. నేరం రుజువైతే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అప్పు తీసుకునేవారికీ ఒక మాట చెప్పాలి. స్టాంపు అతికించిన ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేసి ఇస్తే, అందులో అంకె నింపే అధికారాన్ని అవతలివారికి అప్పగించినట్టే. బాకీ పూర్తిగా తీర్చిన రోజునే అసలు నోటును వెనక్కి తీసుకోవాలి, రేపు ఇస్తామంటే ఒప్పుకోకూడదు.

వకీలు ఫీజు భరించలేనివారు 15100కు ఫోను చేయవచ్చు, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. కోర్టులో నడుస్తున్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అక్కడ రాజీ ప్రకారం ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు కనుక, వాయిదాల తేదీలన్నీ అందులో రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.