చార్ట్ పెట్టే ముందు ఖాళీ గడులు చూసుకోండి

నెలాఖరు రిపోర్టుల సమయం దగ్గరపడింది. ఎక్సెల్‌లో చార్ట్ పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఖాళీగా కనిపించే గడి నిజంగా ఖాళీయేనా? అసలు నష్టం ఇక్కడే. ఇఫ్ ఫార్ములాలో ఏమీ లేని కోట్స్ ("") పెడితే గడి ఖాళీగానే కనిపిస్తుంది. ఎక్సెల్ మాత్రం దాన్ని టెక్స్ట్‌గా తీసుకుని లైన్‌ను సున్నాకు దించేస్తుంది. 48, 51 తర్వాత ఒక్కసారిగా 0 కనిపిస్తే చూసేవాళ్లు అమ్మకాలు పడిపోయాయనే అనుకుంటారు. కోట్స్ బదులు ఎన్‌ఏ ఫంక్షన్, అంటే NA() రాయండి. గడిలో #N/A అనే ఎర్రర్ కనిపిస్తుంది కానీ, చార్ట్‌లో సున్నా పడదు.

– అయితే అదే కాలమ్‌కు మొత్తం, సగటు వేస్తుంటే ఆ ఎర్రర్ అక్కడికీ వచ్చేస్తుంది. చార్ట్‌కు విడిగా ఒక కాలమ్ పెట్టుకోవడం మేలు.

– స్పేస్ కొట్టి వదిలేసిన గడులూ టెక్స్టే. డిలీట్ కొట్టండి.

– చార్ట్‌పై రైట్ క్లిక్ చేస్తే వచ్చే సెలెక్ట్ డేటాలో 'హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్' తెరవండి. గ్యాప్ వదలాలా, సున్నా వేయాలా, లైన్‌తో కలపాలా అన్నది అక్కడే ఎంచుకోవాలి. లెక్క అందని రోజుకు గ్యాప్ వదలడమే సరైనదని నా అభిప్రాయం. కలిపేస్తే లేని అంకె ఉన్నట్టే కనిపిస్తుంది.

– దాచిన వరుసలు మామూలుగా చార్ట్‌లోకి రావు. కావాలంటే అక్కడే టిక్ పెట్టండి.

– మధ్యలో ఒక వరుస పూర్తిగా ఖాళీగా ఉంటే, ఎక్సెల్ తనంతట తాను తీసుకునే రేంజ్ అక్కడితో ఆగిపోతుంది. రేంజ్‌ను మీరే సెలెక్ట్ చేయండి.