పాత ఎంజీబీ కొని ఇంటిదాకా నడుపుకుని రావాలంటే

బ్రిటన్‌లో పాత స్పోర్ట్స్ కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది ముందు బానెట్ ఎత్తుతారు. నన్నడిగితే ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపుల కిందకి చూడాలి. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకి విడిగా ఛాసీ, అంటే కింద ఇనుప చట్రం, ఉండదు, బాడీయే ఛాసీ. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా దూలాల్లా ఉండే సిల్సే బరువు చాలావరకు మోస్తాయి. ఇంజిన్ సంగతి ఎప్పుడైనా చూసుకోవచ్చు, విడిభాగాలు ఇప్పటికీ కొత్తవే దొరుకుతున్నాయి. సిల్స్ తుప్పు పట్టాయంటే మాత్రం కోయడం, వెల్డింగ్, మళ్లీ పెయింటింగ్, చాలా ఖర్చు.

అందుకని మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. సిల్ మీద, చక్రాల పైన, తలుపు అడుగున ఆనించి చూడండి. ఎక్కడైనా అతుక్కోకపోతే అక్కడ పెయింట్ కింద ఉన్నది పుట్టీ. తర్వాత తలుపు వెనక సందు చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగిందని అర్థం, ధర ఎంత తగ్గించినా సరే, వెల్డింగ్ మీకే రాకపోతే ఆ కారు వదిలేయండి.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కారైతే విడి ఛాసీ ఉంటుంది, కానీ ముందు చక్రాలు తిరిగే కీళ్ల దగ్గరుండే ట్రనియన్లకి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పెట్టాలి. ఏం పెడుతున్నారని అమ్మేవాళ్లని అడగండి, ఆ కారుని ఎలా చూసుకున్నారో ఆ ఒక్క జవాబులో తెలిసిపోతుంది.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వేడి మీద ఏ ఇంజినైనా బాగానే స్టార్ట్ అవుతుంది. ఎంజీబీలో కీ తిప్పగానే వెనక నుంచి పెట్రోల్ పంపు టక్ టక్ మని కొట్టుకుంటుంది, కార్బురేటర్లు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో లీకైనా ఉండాలి. బాగా వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐ పైన ఉంటే నిశ్చింత. బ్రేక్ పెడల్ నొక్కి అలాగే పట్టుకోండి, మెల్లగా కిందికి దిగిపోతుంటే ఆ రోజు ఆ కారు నడపొద్దు.

ఇక కాగితాలు. వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న ఛాసీ నంబరు కారు మీదున్న నంబరుతో సరిపోవాలి. ఆ పత్రం యాజమాన్యానికి రుజువు కాదు కాబట్టి సంతకం పెట్టిన రసీదు కూడా తీసుకోండి. రోడ్ ట్యాక్స్ పాత యజమాని నుంచి మీకు బదిలీ కాదు, కట్టాల్సింది సున్నా అయినా సరే మీ పేరు మీద ట్యాక్స్ చేయించి, ఇన్సూరెన్స్ తీసుకున్నాకే బయల్దేరాలి. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కారుకి ఎంఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష, అక్కర్లేదు కానీ పాత ఎంఓటీ చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. తుప్పు గురించి అమ్మేవాళ్లు చెప్పని మాట అక్కడ దొరుకుతుంది.

ఇంటికి తెచ్చే రోజు పొద్దున్నే బయల్దేరండి, చీకటి పడ్డాక పాత వైరింగ్‌తో టెన్షన్ ఎందుకు. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, వారం, సంవత్సరం. పదేళ్లు దాటిన టైరయితే గాట్లు బాగున్నా సరే నమ్మొద్దు. ఫ్యాన్ బెల్ట్, రోటర్ ఆర్మ్, కండెన్సర్, ఫ్యూజులు, ఇంజిన్ ఆయిల్, నీళ్లు దగ్గర పెట్టుకోండి. దారిలో కారు ఆగిపోతే సాయానికి వచ్చే బ్రేక్‌డౌన్ కవర్ తప్పనిసరి. ఇథనాల్ ఎక్కువుండే ‘ఈ10’ పెట్రోల్ వద్దు, తక్కువుండే ‘ఈ5’ సూపర్ కొట్టించండి, పాత రబ్బరు గొట్టాలకి ఇథనాల్ పడదు. 1967కి ముందు ఎంజీబీ అయితే పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి ఫోన్ ఛార్జర్ గుచ్చకుండా పవర్ బ్యాంక్ పట్టుకెళ్లండి.

మోటార్‌వే వద్దు, ఆగడానికి వీలుండే మామూలు ప్రధాన రోడ్లే (అక్కడ ‘A’ రోడ్లంటారు) మేలు. మొదటి పది మైళ్లకే ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకక్కర్లేదు. ఒక్కదాని దగ్గరే సెగ ఎక్కువుంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందన్నమాట. పెట్రోల్ వాసన వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయండి. ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే హీటర్ ఫుల్‌గా తిప్పండి, ఎండాకాలమైనా సరే, కొంత వేడి అటుగా పోతుంది. ముందు బండికి మామూలుకంటే రెట్టింపు దూరం వదలండి.

ఇంటికి చేరాక ఇంజిన్ చల్లారనిచ్చి ఆయిల్, నీళ్లు ఎంత తగ్గాయో చూసి రాసిపెట్టుకోండి. పెట్రోల్ గొట్టాలు, బ్రేక్ ఫ్లూయిడ్, టైర్లు, ముందు ఈ మూడూ మార్చండి, సీట్ల లెదర్, క్రోమ్ పాలిష్ తర్వాత.