వానలు రాకముందే: ముంబయి పాత చాల్ భవనాల్లో ఉండేవారికి జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు ముంబయికి సాధారణంగా జూన్ రెండో వారంలో చేరుకుంటాయి, అక్టోబరు మొదటి వారం దాటాక గానీ వెనుదిరగవు. ఆ వానలను తట్టుకోవలసిన పాత చాల్ భవనాలు, అంటే ఉమ్మడి గ్యాలరీ వెంట ఒంటి గదులు వరుసగా ఉండే ఇళ్లు, మిల్లుల కాలం నాటివి. 1854లో తార్‌దేవ్‌లో తొలి నూలు మిల్లు కంపెనీ ఏర్పడిన తరువాత లాల్‌బాగ్, పరేల్, వర్లీ ప్రాంతాల్లో మిల్లులు వరుసగా వెలిశాయి. వాటిలో పని కోసం కొంకణం నుంచి వచ్చినవారితో పాటు కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా చాల్ గదుల్లోనే స్థిరపడ్డాయి. 1982 మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినా ఆ భవనాలు నిలిచే ఉన్నాయి, వాటిలో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నివసిస్తోంది. ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో చాలా వరకు మే నెలలో, గోడలు పొడిగా ఉన్నప్పుడే పూర్తి కావాలి.

ముందుగా మీ భవనం దేనితో కట్టినదో తెలుసుకోవాలి. పాతవాటిలో ఎక్కువ భాగం ఇటుక, గానుగ సున్నంతో లేపిన గోడలు, టేకు స్తంభాలు, దూలాల మీద నిలిచినవి. దూలం నడుమ భాగం రంగు వేసి ఎంత గట్టిగా కనిపించినా, అసలు ప్రమాదం దాని కొస గోడలోకి దిగే చోట ఉంటుంది. ఉమ్మడి మరుగుదొడ్లు, గదిలోని మోరీ (స్నానానికి, గిన్నెలు కడగడానికి వాడే మూల) ఆనుకొని ఉన్న గోడ ఏడాది పొడవునా చెమ్మగానే ఉంటుంది కాబట్టి అక్కడి కలప లోపల్లోపలే పుచ్చిపోతుంది. ఆ కొసలో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టి టేకైతే మొన దిగదు, పుచ్చినదైతే అంగుళం మేర సులువుగా దిగిపోతుంది. 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన బీడీడీ చాల్‌ల సంగతి వేరు. అవి కాంక్రీటువి, సముద్రపు గాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పైపూతను పెచ్చులుగా నెట్టేస్తుంది. ఆ పెచ్చుల మీద సిమెంటు పూసి రంగు వేయడం మరమ్మతు కాదు, తుప్పును కంటికి కనిపించకుండా చేయడం మాత్రమే.

పగులు పాతదా, పెరుగుతున్నదా అన్నది కంటితో తేలదు. దానికి అడ్డంగా వేలెడు వెడల్పున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, ఆరాక పెన్సిలుతో తేదీ రాసి ఉంచండి. ఆ పూత చిట్లితే గోడ కదులుతోందని అర్థం. తేమకు తలుపులన్నీ కొద్దిగా బిగుసుకోవడం మామూలే కానీ, ఒకే తలుపు ఒక మూల మాత్రమే పట్టేసి, పైన ఏటవాలుగా సందు కనిపిస్తే చౌకట్టు ఒరిగిందన్నమాట. ఊడ్చిన కొద్దిసేపటికే గోడ వార సున్నపు పొడి మళ్లీ రాలుతున్నా, పైకప్పు నుంచి కలప చిట్లుతున్న చప్పుడు వినిపించినా ఆ రోజే ఫిర్యాదు చేయాలి.

బరువు తగ్గించడం ప్రతి కుటుంబం చేతిలో ఉన్న పని. నీళ్లు కొన్ని గంటలే వస్తాయి కాబట్టి డ్రమ్ములు నింపుకోక తప్పదు, కానీ 200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు దాటుతుంది. దానిని గది మధ్యలో గానీ గ్యాలరీ అంచున గానీ ఉంచకుండా, మందమైన గోడ పక్కకు జరపాలి. అటక మీద వాడకుండా పడి ఉన్న సామాను దించేయాలి. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి వేయించడం నాకు అన్నిటికంటే భయం కలిగించే అలవాటు, ఎందుకంటే ఆ బరువు ఒకసారి ఎక్కిందంటే ఇక ఎవరి లెక్కలోకీ రాదు. కింది అంతస్తులో దుకాణం కోసం గోడ గానీ స్తంభం గానీ తొలగిస్తుంటే, మొహమాటపడకుండా పైవారంతా కలిసి ఆపించాలి.

గోడల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను ఎండాకాలంలోనే కోసి వేరు చచ్చేలా చేయాలి; జూన్‌లో పీకితే వేరుతో పాటు ఇటుకలు కదిలి, ఆ సందులోంచి నీరు లోపలికి దిగుతుంది. బెంగళూరు పెంకులు సరిచేయించి, వాననీటి గొట్టాలు శుభ్రం చేయించండి. మెట్ల కింద ఉండే మీటర్ బోర్డును లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు చూపించి, కరెంటు లీకైతే సరఫరాను ఆపే పరికరం పెట్టించుకోవాలి. చెక్కమెట్ల మీద చెప్పుల స్టాండు కూడా ఉండకూడదు.

వినాయక చవితి, దహీ హండీ (ఉట్టి కొట్టే పండుగ) రోజుల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అప్పటికి కలప రెండు మూడు నెలలుగా నాని ఉంటుంది, ఊరేగింపు చూడటానికి బంధువులతో సహా అందరూ ఒకేసారి గ్యాలరీ కటకటాల దగ్గరకు చేరతారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలను కిందికి దిగి చూడమనడం మర్యాద తక్కువేమీ కాదు.

ముంబయి దక్షిణ భాగమైన ద్వీప నగరంలో మరమ్మతుల సెస్సు కట్టే పాత భవనాలను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు చెందిన మరమ్మతుల బోర్డు ఏటా వానలకు ముందు సర్వే చేసి, అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితా ప్రకటిస్తుంది. మునిసిపల్ కార్పొరేషన్ వర్గీకరణలో సీ1 అంటే ఖాళీ చేయించి కూల్చవలసినది, సీ2 అంటే నిర్మాణ మరమ్మతులు కావలసినది, సీ3 అంటే చిన్న మరమ్మతులతో సరిపోయేది. మీ భవనం సీ1లో ఉంటే మరమ్మతుల మాట పక్కనపెట్టి ఖాళీ చేయండి. ఇల్లు వదిలితే హక్కు పోతుందన్న భయమే చాలామందిని అక్కడ ఆపేస్తోంది. భవనం కూలిపోయినంత మాత్రాన అద్దె హక్కు అంతం కాదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. అయితే ఆ హక్కును కాగితాలతోనే నిరూపించుకోవాలి కనుక అద్దె రసీదులు, పగిడీ (అద్దె హక్కు కోసం ముందుగా చెల్లించిన మొత్తం) పత్రాలు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డుల నకళ్లు తీసి ఒక ప్రతిని ఊళ్లో నమ్మకమైన బంధువు దగ్గర ఉంచండి. ఖాళీ చేయించే ముందు నివాసుల పేర్లు, గది కొలతలు నమోదు చేయించి, ఆ పత్రం ప్రతిని అడిగి తీసుకోండి. తాత పేరు మీదే ఉన్న రసీదును వారసుల పేరుకు మార్పించే పనిని ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.

రాత్రివేళ గోడ పగిలితే గ్యాస్, మెయిన్ స్విచ్ చేతికి అందేంత దగ్గరలో ఉంటేనే ఆపి, పక్క గదుల తలుపులు తట్టి, పిల్లలను, వృద్ధులను తీసుకొని బయటపడాలి. బయటి నుంచి మునిసిపల్ కార్పొరేషన్ విపత్తు సహాయ నంబరు 1916కు గానీ అత్యవసర నంబరు 112కు గానీ ఫోన్ చేయండి. కాగితాల కోసమైనా, బంగారం కోసమైనా మళ్లీ లోపలికి వెళ్లకూడదు.

ఫోర్ట్‌లో భానుశాలి భవనం 2020 జూలై 16న కూలితే, పాక్‌మోడియా వీధిలో హుసైనీ భవనం 2017లో ఆగస్టు 31న, వానాకాలం మూడొంతులు గడిచాక కూలింది. కాబట్టి బలహీనమైన దూలాల కింద ఊతస్తంభాలు పెట్టించి ఉంటే, జూలై గడిచిందని వాటిని తీయించకండి. అక్టోబరులో గోడలు పూర్తిగా ఆరి, ఇంజనీరు మళ్లీ వచ్చి చూసి చెప్పేవరకు వాటిని అలాగే ఉంచాలి.