మూగ వీడియోకు మాటలు, శబ్దాలు జోడించడం ఎలా?

చెన్నైలోని వడపళని, సాలిగ్రామం ప్రాంతాల్లో దశాబ్దాల తరబడి తెలుగు సినిమాల డబ్బింగు జరిగింది. అక్కడివారు పెద్ద థియేటర్లలో చేసిన పనిలోని ముఖ్యమైన మెలకువలను ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, చెవులను పూర్తిగా కప్పే ఒక హెడ్‌ఫోను ఉన్నవారెవరైనా ఇంట్లో సాధన చేయవచ్చు. వీడియో ఎడిటింగు సాఫ్ట్‌వేర్ అయిన డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే శబ్ద విభాగం ఉంది. శబ్దాన్ని ఎడిట్ చేసే ఆడాసిటీ కూడా ఉచితమే గాని, అందులో వీడియో కనిపించదు కాబట్టి బొమ్మ చూస్తూ చేయవలసిన ఈ పనికి అది ఒక్కటే సరిపోదు. ప్రాజెక్టు ఏదైనా శబ్దపు శాంపిల్ రేటును వీడియోలకు ప్రమాణమైన 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోవాలి.

సాధనకు ఒక నిమిషం దృశ్యం చాలు. మైలాపూరు మాడవీధిలో ఒక పెద్దావిడ పూలావిడతో బేరమాడుతోందనుకుందాం. వీడియోలో శబ్దం లేదు, పెదవుల మీద ఉన్నది తమిళం, మనం చెప్పించవలసింది తెలుగు. ముందుగా దాన్ని అలాగే, శబ్దం లేకుండా, పదేపదే చూసి, తెరమీద కదిలే ప్రతి వస్తువునూ, తెర బయట ఉండి తీరవలసిన ప్రతి శబ్దాన్నీ సెకన్లతో సహా కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ దృశ్యాన్ని ఎవరి చెవితో వింటున్నాం? బేరంలో మునిగిపోయిన పెద్దావిడ చెవికి ఆటో హారను దూరమైపోతుంది, మూరవేసి తెంపిన దారం మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ నిర్ణయమే మొత్తం పనికి ప్రాణం. ఇది లేకుండా కనిపించిన ప్రతిదానికీ ఒక చప్పుడు అతికిస్తూ పోతే గోల మిగులుతుంది తప్ప దృశ్యం నిలబడదు.

మొదట వేయవలసింది వాతావరణ శబ్దం. అదే వీధికి, అదే వేళకు వెళ్లి కనీసం రెండు నిమిషాలు ఆపకుండా రికార్డు చేసుకుని, దృశ్యం పొడవునా పరచాలి. షాటు మారినప్పుడల్లా ఈ శబ్దం తెగకూడదు, ఎందుకంటే కెమెరా ఎటు తిరిగినా వీధి అక్కడే ఉందని ప్రేక్షకుడికి తెలియజేసేది అదే.

మాటలు ఎక్కువ ఓపిక అడుగుతాయి. రికార్డింగుకు బట్టలు నిండిన బీరువా తెరిచి, దాని ఎదుట దుప్పటి కట్టుకుంటే గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఫ్యాను, ఏసీ ఆపక తప్పదు. చెన్నై ఎండలో అది కష్టమే కనుక తెల్లవారుజామున, చిన్న చిన్న విడతలుగా చేయడం మేలు. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంటే ప, బ అక్షరాల ఊపిరి దెబ్బ దానికి నేరుగా తగలదు. రికార్డింగు స్థాయిని చూపే మీటరు అత్యధికంగా −12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకుని, చివర్లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ గది శబ్దం కూడా తీసిపెట్టుకోవాలి. మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అది అవసరమవుతుంది.

సింక్ కోసం, అంటే పెదవుల కదలికకు మాట సరిపోవడం కోసం, అన్ని అక్షరాల వెంటా పరుగెత్తనక్కరలేదు. పెదవులు పూర్తిగా మూసుకునే ప, బ, మ లను ముందు పట్టుకుని, ఆ తరువాత వాక్యం చివర నోరు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది చూడాలి. సాయంత్రం కనకాంబరాలు వస్తాయని పూలావిడ అనగానే, పెద్దావిడ పెదవులు ‘అప్పురం పాక్కలాం’ అంటాయనుకుందాం. ‘తరువాత చూద్దాం’ అన్నది సరైన అర్థమే అయినా, మొదట్లోనూ మధ్యలోనూ పెదవులు మూసుకున్న చోట మాట తెరుచుకునే ఉంటుంది. ‘అప్పుడు మళ్లీ వస్తా’ అంటే రెండు మూతలూ దాదాపు అవే చోట్ల పడతాయి, వాడుక తమిళంలో చివరి ‘ం’ను ముక్కుతోనే పలుకుతారు కనుక చివర రెండింటిలోనూ నోరు తెరిచే ఉంటుంది, సందర్భమూ చెడదు. చెప్పేవారు హెడ్‌ఫోన్లో వాతావరణ శబ్దం వింటూ చెప్పాలి. వీధి రొద చెవిలో ఉంటే గొంతు తనంతట తానే వీధిలో మాట్లాడే స్థాయికి లేస్తుంది. నిశ్శబ్దమైన గదిలో మెల్లగా చెప్పిన మాట ధ్వనిని తరువాత ఎంత పెంచినా వీధి మాట కాదు.

సెకనుకు 24 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగట్టగలడు గాని, వెనకపడితే దాదాపు 125 వరకు గుర్తించడు అని అంతర్జాతీయ ప్రసార ప్రమాణాలు చెబుతున్నాయి. శబ్దం సెకనుకు 343 మీటర్ల వేగంతోనే ప్రయాణిస్తుంది కాబట్టి ఆలస్యానికి మన మెదడు అలవాటుపడి ఉంది; చేపాక్ స్టేడియంలో పిచ్‌కు 100 మీటర్ల దూరాన కూర్చున్నవారికి బ్యాటు తగిలిన చప్పుడు సుమారు 0.3 సెకను తరువాతే చేరుతుంది. అందుచేత సందేహం వచ్చినప్పుడు శబ్దాన్ని ఒక ఫ్రేము వెనక్కి జరపాలే తప్ప ముందుకు తేకూడదు.

అడుగుల చప్పుడు, చీర గరగర, చేతి కదలికల వంటి శబ్దాలను బొమ్మ చూస్తూ చేసి రికార్డు చేయడాన్ని ఫోలీ అంటారు. 1920ల చివర హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో ఈ పద్ధతికి దారి వేసిన జాక్ ఫోలీ పేరే దానికి స్థిరపడింది. ఇందులో అసలు వస్తువే వాడాలన్న నియమం లేదు. మంటకు ప్లాస్టిక్ కవరు నలపడం, ఎముక విరగడానికి పచ్చి క్యారెట్ విరవడం, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు బాగా పనికొస్తాయి. పట్టుచీరకు మాత్రం పట్టుచీరే వాడాలి, ఆ గరగర నూలుబట్టలో రాదు. మన దృశ్యంలో అరటాకులో పూలు చుట్టే చప్పుడును మైకుకు దగ్గరగా పట్టి చేసుకుని, షాటు దూరమైనప్పుడు ధ్వనితో పాటు పై స్థాయి ఫ్రీక్వెన్సీలను కూడా కొంత తగ్గిస్తే నిజమైన దూరం వస్తుంది.

శబ్దాలన్నింటినీ కలిపే మిక్సింగులో మాటలను ముందు స్థిరపరచి, మిగిలినవాటిని వాటి కింద అమర్చాలి. హెడ్‌ఫోన్లో తృప్తిగా ఉన్నదాన్ని ఫోను స్పీకర్లో తప్పక వినాలి. అక్కడ మాట అర్థం కాకపోతే తగ్గించవలసింది వాతావరణాన్నే. చివరిగా, మాటలు లేకుండా సంగీతమూ ఎఫెక్టులూ మాత్రమే ఉన్న ట్రాకును, డబ్బింగు రంగంలో ‘ఎం అండ్ ఇ’ అనే దాన్ని, విడిగా తీసి భద్రపరచాలి. రేపు ఇదే వీడియోకు తమిళ మాటలు తిరిగి చెప్పించాలన్నా, కన్నడంలోకి మార్చాలన్నా వీధి శబ్దం నుంచి మళ్లీ మొదలుపెట్టే అవసరం ఉండదు.