టీవీనే కంప్యూటర్ మానిటర్‌గా వాడుకోవాలంటే

తిరుపతిలో కొర్లగుంట దగ్గర మా ఇల్లు. హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీనే నాకు ఆఫీసు మానిటర్ కూడా. ల్యాప్‌టాప్ కలిపిన మొదటి రోజు ఎక్సెల్లో అంకెలన్నీ అలికినట్టు కనిపించాయి, కింద స్టార్ట్ బటన్ సగం తెగిపోయింది, ఇక ఇది పనికిరాదని కొత్త మానిటర్‌కి డబ్బులు కూడా తీసిపెట్టాను. తీరా చూస్తే లోపమంతా సెట్టింగుల్లో ఉంది. మీరు ఆ ఖర్చుకు దిగేముందు ఇది చదవండి.

ముందు మీ టీవీ అసలు రిజల్యూషన్ ఎంతో, అంటే తెర మీద ఎన్ని చుక్కలున్నాయో చూసుకోండి. 32 అంగుళాల చవక టీవీల్లో చాలావాటి మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటుంది, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు మాత్రమే. అంగుళానికి దాదాపు 49 చుక్కలు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92 ఉంటాయి, 43 అంగుళాల 4కె టీవీలో 102. అందుకే హెచ్‌డీ రెడీ టీవీ సినిమాకు సరిపోతుంది గానీ, రోజంతా అక్షరాలు చదివే పనికి వద్దనే చెప్తాను.

తర్వాత కేబుల్. 4కెలో 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం, రావాలంటే ల్యాప్‌టాప్ పోర్టు, టీవీ పోర్టు రెండూ హెచ్‌డీఎంఐ 2.0 లేదా అంతకంటే కొత్తది అయి ఉండాలి. 1.4 అయితే 4కెలో 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, మౌస్ కదిపితే ఈడ్చుకుంటూ వచ్చినట్టు ఉంటుంది. నేను గాంధీ రోడ్డులో ఒక షాపులో ఐదు మీటర్ల కేబుల్ చవకగా వస్తోందని కొన్నాను, పది నిమిషాలకోసారి స్క్రీన్ నల్లబడేది. 'ప్రీమియం హై స్పీడ్' అని ఉన్న రెండు మీటర్లది తెచ్చాక ఆ గొడవ పోయింది. ల్యాప్‌టాప్‌కి టైప్-సి ఒక్కటే ఉంటే, ఆ పోర్టు నుంచి డిస్‌ప్లే వస్తుందో లేదో కనుక్కున్నాకే అడాప్టర్ కొనండి, అన్ని టైప్-సి పోర్టులకూ రాదు.

కలిపాక విండోస్ కీ, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి, టీవీ రెండో స్క్రీన్‌గా పనిచేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీ అసలు రిజల్యూషన్ పెట్టి, అక్షరాలు చిన్నగా ఉంటే రిజల్యూషన్ తగ్గించకుండా స్కేల్‌ని 125 లేదా 150 శాతం చేయండి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 60 హెర్ట్జ్ ఉందో లేదో చూడండి. సౌండ్ టీవీలోంచి వస్తుంది, మీటింగ్ మొదలయ్యేలోపే మార్చుకోండి, లేకపోతే మీ మేనేజర్ మాటలు ఇంటిల్లిపాదీ వింటారు.

ఇప్పుడు అసలు సంగతి, టీవీ రిమోట్‌తో చేయాల్సిన పని. స్టార్ట్ బటన్ తెగిపోవడాన్ని ఓవర్‌స్కాన్ అంటారు, టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తుంది. శామ్‌సంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్', ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్' పెడితే సరిపోతుంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ తగిలించిన ఇన్‌పుట్ పేరును 'పీసీ' అని మార్చండి. పేరు మారిస్తే ఏమవుతుందని నాకూ అనిపించింది, కానీ ఈ రెండు కంపెనీల టీవీల్లో చాలావాటికి అదే సంకేతం, ఇది సినిమా కాదు కంప్యూటర్ అని తెలిసి రంగుల వివరాలు కుదించడం మానేస్తాయి. నల్ల గడిలో ఎర్ర అంకె రాసి చూడండి, మార్చకముందు 8 ఏదో 6 ఏదో తెలియదు, మార్చాక 8లోని రెండు సున్నాలూ విడివిడిగా కనిపిస్తాయి. సోనీ అయితే పిక్చర్ మోడ్‌లో 'గ్రాఫిక్స్' ఉంటుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అది ఎక్కువైతే ప్రతి అక్షరం చుట్టూ తెల్ల అంచు వస్తుంది. మౌస్ ఇంకా వెనకబడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయండి.

గోడకి ఎత్తులో బిగించిన టీవీతో మాత్రం పని చేయకండి, వారానికే మెడ పట్టేస్తుంది. నేను దించి బల్ల మీద పెట్టి మూడడుగుల దూరంలో కూర్చుంటున్నాను, బ్యాక్‌లైట్ సగానికి తగ్గించాక సాయంత్రానికి కళ్లు మండటం ఆగింది. ఓఎల్‌ఈడీ టీవీ అయితే టాస్క్‌బార్ దాచేసుకోండి, గంటల తరబడి ఒకేచోట నిలిచిన బొమ్మ మచ్చగా మిగిలిపోవచ్చు.

మధ్యాహ్నం ఎస్వీబీసీలో కల్యాణోత్సవం వచ్చే వేళకి మా అమ్మకి టీవీ కావాలి. ఆ గంట నేను ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే సర్దుకుంటాను, రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చడం అమ్మకి నేర్పించాను.