హోలోకాస్ట్ గురించి తెలుసుకోవాలంటే ఒక్క పేరుతో మొదలుపెట్టండి

బెర్లిన్‌కి చదువుకోవడానికి వచ్చిన మనవాళ్లు చాలామంది మొదటి సెమిస్టర్‌లోనే ఏదో ఒక నాజీ క్యాంపు చూసొస్తారు. నేనూ వెళ్లాను, రెండు గంటలు తిరిగి, ఏం మాట్లాడాలో తెలియక ట్రైన్ ఎక్కేశాను. హోలోకాస్ట్ అంటే హిట్లర్ నాజీలు యూదుల్ని సామూహికంగా చంపడం. చనిపోయింది 60 లక్షల మంది యూదులు, అందులో దాదాపు 15 లక్షల మంది పిల్లలు అంటే ఆ లెక్క మనసుకి అందదు. అందుకే లెక్క పక్కన పెట్టి ఒక్క మనిషిని పట్టుకోండి.

మీ వీధిలో నడిచేటప్పుడు కిందికి చూడండి. ఫుట్‌పాత్ రాళ్ల మధ్య అరచేతి వెడల్పున చిన్న ఇత్తడి పలక కనిపిస్తుంది, దాన్ని ష్టోల్పర్‌ష్టైన్ అంటారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన ఈ రాళ్లు ఇప్పుడు యూరప్‌లో లక్షకు పైగా ఉన్నాయి. నాజీలు చంపిన రోమా జాతివాళ్లకు, వికలాంగులకు కూడా ఉన్నాయి కానీ ఎక్కువ యూదులవే. పైన "హియర్ వోన్టె" అని ఉంటుంది, అంటే ఇక్కడ ఉండేవారు అని. ఆ కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు ఎక్కడికి తరలించారు, ఎక్కడ చంపారు.

పలక నల్లబడి ఉంటే మెటల్ పాలిష్, మెత్తటి గుడ్డ తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని తుడవండి. స్టీలు పీచు మాత్రం వద్దు, గీతలు పడతాయి. ఇంట్లో అమ్మ ఇత్తడి చెంబు తోమితే మెరుపు వచ్చినట్టే, ముందు ఒక అంచు, తర్వాత ఒక్కో అక్షరం తేలుతుంది, ఈలోపు ఆ పేరు మీకు నోటికి వచ్చేస్తుంది.

ఇంటికొచ్చాక ఆ పేరుని యాద్ వషేమ్ వెబ్‌సైట్‌లో వెతకండి. జెరూసలేంలోని ఈ సంస్థ చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక సాక్ష్యపత్రం పోగు చేస్తోంది. పత్రం దొరికితే పైనున్న పేరు చదివి ఆగిపోకండి, అడుగున అది నింపినవాళ్లు ఆ మనిషికి ఏమవుతారో రాసి ఉంటుంది, అదీ చూడండి. కూతురు కావచ్చు, మేనల్లుడు కావచ్చు. ఒక్కోసారి రాయడానికి బంధువులెవరూ మిగలక తెలిసినవాళ్లు రాసి ఉంటారు.

యూదుల ఆచారాల్లో మనకి వెంటనే అర్థమయ్యేది యార్‌ట్సైట్, అంటే చనిపోయినవాళ్లని ఏటా తలుచుకునే వర్ధంతి రోజు. మన తద్దినం తిథిని బట్టి వచ్చినట్టే ఇదీ హీబ్రూ చాంద్రమాన పంచాంగం ప్రకారం వస్తుంది, ముందురోజు సూర్యాస్తమయానికి వెలిగించిన కొవ్వొత్తి ఒక రోజంతా వెలుగుతుంది. మరి గ్యాస్ చాంబర్‌లో చంపేసినవాళ్లకి తేదీ ఎవరు రాసిపెట్టారు? తిథి తెలియని పితృదేవతలకి మనకి మహాలయ అమావాస్య ఉన్నట్టు, అలాంటివాళ్ల కోసం ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు (యూదు మతగురువులు) హీబ్రూ పంచాంగంలోని తేవేత్ నెల 10వ రోజుని కేటాయించారు. ఆ రోజు కద్దీష్ చదువుతారు. అది చనిపోయినవాళ్ల కోసం చదివే ప్రార్థనే అయినా అందులో చావు అన్న మాటే ఉండదు, అంతా దేవుడి స్తుతే. చదువుతున్నప్పుడు మీరు అక్కడుంటే లేచి మౌనంగా నిలబడండి, చాలు.

బెర్లిన్‌లోని వైసెన్‌సే యూదు శ్మశానానికి వెళ్తే మగవాళ్లు తల కప్పుకోవాలి. శనివారం మూసి ఉంటుంది. సమాధి మీద పూలకి బదులు చిన్న రాయి పెట్టడం వాళ్ల ఆచారం. బయటికొచ్చేటప్పుడు చేతులు కడుక్కుంటారు, మన దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నట్టే. ఇంకో మాట, మనకి స్వస్తిక్ శుభసూచకమే, కానీ నాజీలు వాడింది కూడా ఆ గుర్తే, అందుకే అదున్న లాకెట్టో టీషర్టో వేసుకుని ఇలాంటి చోట్లకి వెళ్లకండి. ఆ గుర్తు కింద తన వాళ్లని పోగొట్టుకున్న మనిషి అక్కడ ఎదురుపడితే మన వివరణ వినే ఓపిక ఎందుకుండాలి?

రాళ్లు తుడవడానికి చాలామంది నవంబర్ 9న బయటికొస్తారు, 1938లో ఆ రాత్రే యూదుల దుకాణాలు పగలగొట్టి ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. ఆ నెలలో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, క్లాసు అవగానే బయల్దేరండి. గుడ్డ ఇంకోటి ఎక్కువ పెట్టుకోండి, పక్కన ఎవరైనా ఆగి అడిగితే ఇవ్వడానికి.